గట్టు మీద పరాయి నడక

గుడిసేవ బసవేశ్వరరావు పేరెత్తితే నాంచారయ్యకు నోట్లో అన్నం చేదెక్కుతుంది. మూడు సెంట్ల గట్టు దగ్గర పుట్టిన చేదు అది. కైకలూరు అవతల ఇద్దరి చేపల చెరువులూ పక్కపక్కనే ఉండేవి. మధ్యన గట్టు ఒకటే. నాదంటే నాదని ఇద్దరూ సర్వేయర్లను తిప్పుకున్నారు, పెద్దమనుషుల ముందు కూర్చున్నారు, ఒకరు పాతిన కొబ్బరి మొక్కలు ఒకరు పీకించారు. తగువు తెగకముందే బసవేశ్వరరావు తన చెరువు కౌలుకిచ్చి ఐర్లండు చెక్కేశాడు. ఓడిపోయి ఉంటే నాంచారయ్య ఏడ్చి ఊరుకునేవాడు, గెలిచి ఉంటే మరిచిపోయేవాడు. రెండూ కాకుండా చేసి పోయాడు మహానుభావుడు.

పోయినవాడు పోయినట్టు ఉన్నా బాగుండేది. పద్దెనిమిదేళ్ళ తరవాత ఫోను చేశాడు. నాంచారయ్యకు కాదు, నాంచారయ్య భార్య తిరుపతమ్మకు. ఆమెకు వరసకు అన్న అవుతాడు. "చెల్లాయ్, ఇక్కడ నర్సులు దొరక్క అల్లాడతన్నారు. నువ్వు పరీక్ష రాయి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. తిరుపతమ్మ ఏలూరులో నర్సు. రాసింది, నెగ్గింది. నాంచారయ్య ఏడో తరగతిలో పలక పారేసి చెరువులో దిగినవాడు. ఆయన్ని ఎవరూ ఏ పరీక్షా రాయమనలేదు. నర్సు మొగుడన్న హోదాలో, పదమూడేళ్ళ కూతురు ప్రణవిని వెంటబెట్టుకుని విమానమెక్కాడు. చెరువు పెంటయ్య అనే అతనికి కౌలుకిచ్చాడు.

దిగింది బాలీకీన్ అనే రేవు ఊళ్ళో. పొద్దస్తమానం జల్లు. రాతి గోడలు, రాతి రంగు ఆకాశం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రేవులో బురద బయటపడి, చేపలు పట్టాక ఎండగట్టిన చెరువు వాసన వేసేది. ఆ ఊరు మొత్తంలో నాంచారయ్యకు తెలిసిన ముక్క అదొక్కటే.

మొదటి వారం ముగ్గురూ కలిసే తప్పిపోయారు. కలిసే తప్పు బస్సులెక్కారు. చెత్తడబ్బాలు మూడు రంగులవి ఉంటే, దేన్లో ఏది వెయ్యాలో తెలీక చెత్తంతా వంటింట్లో మూటగట్టి పెట్టుకుని, దాని చుట్టూ కూర్చుని నవ్వుకున్నారు. తలుచుకుంటే ఆ వారమే బాగుందనిపిస్తుంది నాంచారయ్యకు. ఎవరికీ ఏమీ తెలీదు.

ఎనిమిదో రోజున బసవేశ్వరరావు వచ్చి మిషను సంగతి చెప్పాడు.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఊరు ఒంటబట్టడానికి పదేళ్ళు పడుతుందట. ఆ పదేళ్ళూ మిగిల్చడానికి ఊనా అనే డాక్టరమ్మ, రేవు పక్కన మూతపడిన చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఒక మిషను పెట్టింది. ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి నడక తీసి కొత్తవాళ్ళ నడకలో కలుపుతుంది. దారులే కాదు. ఏ మెట్టు పగిలి ఉందో, ఎవరికి తల ఊపాలో, ఏ మాటకు నవ్వాలో, అన్నీ నడకతో పాటే వస్తాయి. ఒకే భాష వాళ్ళదైతే బాగా అంటుకుంటుందట. ఆ ఊళ్ళో అన్నేళ్ళు తిరిగిన తెలుగువాడు ఒక్కడే.

"ఎవరు?" అన్నాడు నాంచారయ్య, తెలిసి కూడా.

"నేనే బావా" అన్నాడు బసవేశ్వరరావు.

"అయితే నాకొద్దు. వీడి ఎంగిలి నడక నాకెందుకు? నేను నడిచి నేర్చుకుంటా."

తిరుపతమ్మ మొహం చిట్లించింది. "నాకు వారంలో డ్యూటీ, పిల్లకి బడి. మీకంటే తీరిగ్గా నేర్చుకోడానికి మాకు టైమేదండీ?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో ఆయనకు తెలీలేదు. ఉందనే అనుకున్నాడు.

డబ్బాల ఫ్యాక్టరీలో ఇంకా ఉప్పు వాసన పోలేదు. గది మధ్యన కదిలే పట్టీ ఒకటి, దాని మీద నిలబడి నడవాలి. తలకు మెత్తటి టోపీ, కాళ్ళకు వైర్లు కుట్టిన మేజోళ్ళు. ఊనా బక్కపల్చటి మనిషి, జుట్టు నెరిసింది, మెల్లగా మాట్లాడుతుంది. ఆవిడ చెబుతుంటే బసవేశ్వరరావు తెలుగులో చెప్పాడు.

"నడక పరవడానికి కింద నేల కావాలంటన్నారు చెల్లాయ్. కళ్ళు మూసుకున్నా నీ కాళ్ళకి తెలిసిన చోటు ఒకటి చెప్పు. దాని మీద ఈ ఊరు పరుస్తారు. ఆ చోటు మాత్రం ఆ తరవాత నీకు మసకైపోద్ది. అందుకని, పోయినా పర్లేని చోటు చెప్పమంటన్నారు."

తిరుపతమ్మ ఆలోచించింది. "ఏలూరులో మేం అద్దెకున్న సందు ఉంది కదన్నయ్యా. రోజూ తిరిగిందే."

నాంచారయ్యకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు అబ్బాయి పేరు అడక్కముందు నేల ఎంతని అడిగే ఊరు వాళ్ళది. నలుగుర్లో మనిషి నేల పేరు చెప్పుకుంటాడు గానీ అద్దె సందు చెప్పుకుంటాడా. అందులోనూ తెల్ల డాక్టరమ్మ ముందు. అందులోనూ బసవేశ్వరరావు వింటుండగా.

"సందేంటి, సందు?" అన్నాడు. "మనకి నేల లేదనుకుంటారు. చెరువు చెప్పు."

"మసకైపోద్దంటన్నారు గదండీ."

"రిజిస్ట్రీ అయిన భూమి ఎక్కడికి పోద్దే? పెంటయ్య అక్కడే ఉన్నాడు. చెరువు అక్కడే ఉంది."

బసవేశ్వరరావు అడ్డం వచ్చాడు. "బావా, తొందరపడమాక. ఇంకో చోటు చూడండి."

"నీకెందుకంత? చెరువంటే గట్టు గుర్తొచ్చిందా?"

బసవేశ్వరరావు పక్కకు జరిగాడు. తిరుపతమ్మ పట్టీ ఎక్కి కళ్ళు మూసుకుని, మోటారు కొట్టం దగ్గర మొదలుపెట్టి చెరువు గట్టు చుట్టూ నడుస్తూ, కాలి కింద ఏది తగిలితే అది చెప్పసాగింది. తూము. తాటిదుంగ. మేత సంచులు వేలాడగట్టిన వెదురు బొంగులు. ఒక్కొక్క పేరుకూ మిషను ఒకసారి గుర్రుమనేది. ఆ తరవాత ప్రణవి ఎక్కింది. వాళ్ళమ్మ చెప్పిన చోటే తనూ చెప్పింది.

నాంచారయ్య గోడవారగా కూర్చుని, తన చెరువు వైభవం అంతమంది వింటున్నారని మీసం సవరించుకున్నాడు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరు ఆ ఊరివాళ్ళు, ఒక పరాయివాడు.

తిరుపతమ్మ చెత్తడబ్బా రంగులు చూడకుండానే వేసేది. నీళ్ళు కాగే స్విచ్చి ఎప్పుడు వెయ్యాలో, ఏ కొట్లో నిన్నటి రొట్టె సగానికి ఇస్తారో, పక్కింటి ముసలామె వానను తిడితే తనూ ఎంతవరకు తిట్టాలో ఆమెకు తెలిసిపోయింది. ప్రణవి మొదటి రోజే బడిలో ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటేసుకొచ్చింది. ఆ ఊళ్ళో బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్యూ చెప్పి దిగుతారు. తల్లీ కూతుళ్ళు చెప్పేవాళ్ళు, ఒకే గొంతుతో, ఒకే చోట. ముందు దిగి నిలబడ్డ నాంచారయ్యను డ్రైవరు ఒక చూపు చూసేవాడు.

"డబ్బులిచ్చే ఎక్కాం గదా. థాంక్యూలెందుకు?" అనేవాడు.

"అలా కాదు నాన్నా" అనేది ప్రణవి. ఎలాగో చెప్పేది కాదు. చెప్పడానికి దానికీ తెలీదు, కాళ్ళకు తెలుసు.

ఆయన పట్టుదలగా నడిచాడు. చేపలు కోసే షెడ్డులో పని దొరికింది, అక్కడికి రెండు మలుపులు. ఆ రెండు మలుపుల్లోనే ఎన్నోసార్లు తప్పాడు. ఒకరోజు జల్లులో, ఏ సందు చూసినా ఒకేలా ఉండి, చర్చి గోడకు ఆనుకుని నిలబడిపోతే ప్రణవి వచ్చి తీసుకెళ్ళింది. దారిలో కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు కైకలూరు సంతలో ఆయన దాని చెయ్యి పట్టుకున్నట్టు.

అదీ ఓర్చుకునేవాడే. ఒక ఆదివారం ముగ్గురూ తపాలాఫీసు ఎత్తు ఎక్కుతున్నారు. ఎత్తు సగానికి వచ్చాక తిరుపతమ్మ నాలుక అంగిటికి తాకించి టక్కుమనిపించింది. ఆ వెంటనే ప్రణవి కూడా టక్కుమంది. ఇద్దరికీ తాము చేసినట్టే తెలీదు.

నాంచారయ్య కాళ్ళు ఆగిపోయాయి. ఆ టక్కు ఆయన మరిచిపోయేది కాదు. గట్టు తగువు రోజుల్లో బసవేశ్వరరావు అవతలి ఒడ్డున పచార్లు చేస్తూ, ఈయన్ని చూసినప్పుడల్లా చేసిన చప్పుడది.

"ఏంటది?" అన్నాడు.

"ఏదండీ?"

"నోటితో."

"నేనేం చేశాను?" అంది తిరుపతమ్మ, నిజంగానే.

ఆ తరవాత ఆయన కళ్ళకు అదే పని. రొట్టె సంచీ మూతి రెండు మెలికలు తిప్పి కిందకు మడిస్తే, అది బసవేశ్వరరావు మడత. టీలో పాలు చివర్న పోస్తే, అది బసవేశ్వరరావు టీ. రేవు మలుపులో కుడి భుజం కాస్త పైకెత్తితే, అది పద్దెనిమిదేళ్ళ గాలికి ఆ దొంగ భుజం నేర్చుకున్నది. ఆమె ఏ తప్పూ చెయ్యలేదు. చేసి ఉంటే నాలుగు మాటలనేవాడు. తన పక్కనే పడుకుని, తన కంచంలో వడ్డించి, తన పెళ్ళాం మరొకడి అడుగుల్లో అడుగేసి నడుస్తుంటే దాన్ని ఏమని తిట్టాలి?

ఆదివారాలు బసవేశ్వరరావు భోజనానికి వచ్చేవాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. "ఇవాళ మలుపులో ఆయన..." అని మొదలుపెట్టేవాడు. "మళ్ళీ ఆ కుక్కతోనేనా మావయ్యా" అని ప్రణవి అందుకునేది. తిరుపతమ్మ పడీపడీ నవ్వేది. ఏ మలుపు, ఏ కుక్క. నాంచారయ్య పప్పులో మెతుకులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు.

"ఏంటి బావా, మాట్లాడవు?"

"మీ ముగ్గురు మాట్లాడుతున్నారుగా. నేను వంటవాణ్ణి."

"వంట చేసింది నేను" అంది తిరుపతమ్మ.

"అదీ నాకు లేకుండా చేశావు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆయన నవ్వించడానికి అనలేదు.

వానాకాలం మొదట్లో పెంటయ్య ఫోను చేశాడు. ఈశాన్యం మూల గట్టు కింద పాత సిమెంటు గొట్టం ఎక్కడ పూడ్చారో చెప్తే మోటారు పైపు దాంట్లోంచి లాక్కుంటానన్నాడు. ఇంట్లో కూరకు చేపలు కోస్తున్న నాంచారయ్య చేతులు రక్తంతో ఉన్నాయి. "అమ్మగార్ని అడుగు, ఆవిడ నిలబడే పూడ్పించింది" అన్నాడు.

తిరుపతమ్మ ఫోను అందుకుంది. పెంటయ్య వీడియోలో చెరువు చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"బాగుంది" అంది. "ఇదెవరిది?"

నాంచారయ్య నవ్వబోయి ఆగాడు. ఆమె మొహంలో వేళాకోళం లేదు. పక్కింటివాళ్ళ ఫొటోలు మర్యాదకు చూసే మొహం అది. చేతులు కడుక్కోకుండానే ప్రణవిని పిలిచాడు. "నీకు ఈత నేర్పిన చోటు ఏదమ్మా? చూపించు." అరటి బోదె కట్టి, ఎండాకాలం పొడుగూతా, నడుం లోతు నీళ్ళలో తను నిలబడి నేర్పాడు.

ప్రణవి ఫోను అటూ ఇటూ తిప్పింది. "నువ్వే నేర్పావని తెలుసు నాన్నా. నీళ్ళు గుర్తున్నాయి. చోటే..." అని ఆగింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో దానికే తెలీక.

గొట్టం ఎక్కడుందో పెంటయ్యకు నాంచారయ్యే చెప్పాడు. మోటారు కొట్టం నుంచి తాటిదుంగ మీదుగా, అడుగులు వేసి చూపించినంత వివరంగా.

రెండు రోజుల తరవాత, తల్లీ కూతుళ్ళు లేని వేళ చూసి బసవేశ్వరరావు వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం, అందులో కానాగంతలు. కూర్చున్నాడు. చేపలు తాజావన్నాడు. వాన తగ్గదన్నాడు. ఆ తరవాత తల దించుకున్నాడు.

"బావా, ఒకటడుగుతా. నవ్వమాక. మా చెరువు తూము ఏ పక్కనుండేది?"

ఇదేదో తిరకాసు అనుకున్నాడు నాంచారయ్య. "నీ తూము నీకు తెలీదా?"

"తెలీదు. అందరికంటే ముందు మిషను నా మీదే పరీక్ష చేశారు. నా నడక తీస్తంటే, కింద నేను పుట్టి పెరిగిన నేల దానికి అంటుకుని వచ్చేసింది. నారు పీకితే వేరుకి మట్టి వచ్చినట్టు. అట్టా అవుద్దని అప్పుడు డాక్టరమ్మకీ తెలీదు. అందుకే ఆ రోజు నిన్ను వద్దన్నా." పొట్లం తాడు వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "ఫొటోలున్నయ్. చూస్తే ఎవరిదో చెరువు. చెల్లాయ్ నేనూ ఒకటే ఇప్పుడు. నీకొక్కడికే ఉంది."

తూము తూర్పున ఉండేది. నాంచారయ్యకు కళ్ళకు కట్టినట్టుంది.

"పడమట" అన్నాడు.

"పడమటా." బసవేశ్వరరావు కళ్ళు మూసుకుని ఆ మాటను నంజుకున్నాడు. "మన మధ్య గట్టు?"

"అది నాది. మూడు సెంట్లూ."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

"అయితే అంతే అయ్యుంటది" అన్నాడు బసవేశ్వరరావు. మొహం వెలిగింది. "ఇంకా చెప్పు. గట్టు మీద ఏముండేయి?"

పద్దెనిమిదేళ్ళు కాచుకున్న గెలుపు, ఇలా సోఫాలో కూర్చుని చేపల పొట్లంతో పాటు చేతికొచ్చింది. నాంచారయ్య దాన్ని నోట్లో వేసుకుని చూశాడు. ఉప్పు లేదు, కారం లేదు. గెలవాలంటే అవతల ఓడేవాడన్నా ఉండాలి గదా.

"నిజం చెప్తున్నా బావా, నిన్ను చూస్తే నాకు కుళ్ళు" అన్నాడు బసవేశ్వరరావు వెళ్ళబోతూ. "వీళ్ళిద్దరూ నవ్వుతా మాట్లాడతా ఉంటే, నువ్వట్టా మూల కూర్చుని ఎటో చూస్తా ఉంటావు. గట్టు మీదున్నావని తెలుస్తానే ఉంటది."

ఆ దేశం వచ్చాక తనను చూసి ఒకడు కుళ్ళుకోవడం అదే మొదలు. ఆ పూటంతా నాంచారయ్య ఛాతీ విరుచుకుని తిరిగాడు. కానాగంతలు పులుసు పెట్టాడు. తిరుపతమ్మా ప్రణవీ కలిసి వచ్చారు, గుమ్మంలోనే ఏదో అనుకుని నవ్వుతూ. లోపలికి వస్తూ ఇద్దరూ ఒకేసారి టక్కుమన్నారు. ఛాతీ మళ్ళీ లోపలికి పోయింది.

పులుసు కలుపుకుంటూ ఆయన ఆలోచించింది ఇదీ. వీళ్ళ ఊరు పరిచింది ఎక్కడ? నా చెరువు గట్టు మీద. ఆ ఊళ్ళో నడుస్తున్నది ఎవడి నడక? బసవేశ్వరరావుది. అంటే, నా గట్టు మీద నా పెళ్ళాం, నా కూతురు, ఆ బసవేశ్వరరావు అడుగులు తిరుగుతుంటే, గట్టుగలవాణ్ణి నేను దూరాన నిలబడి చూస్తున్నాను.

నేల ఉన్నవాడికి ఇంతకంటే అవమానం తోచలేదు.

డబ్బాల ఫ్యాక్టరీకి ఒక్కడే వెళ్దామనుకున్నాడు గానీ దారి తెలీదు. బసవేశ్వరరావే తీసుకెళ్ళాల్సి వచ్చింది. అదొక కడుపుమంట.

ఊనా ఆయన్ని చూసి సంతోషించింది. చెరువు మాట వినగానే తల అడ్డంగా ఊపింది.

"వద్దంటన్నారు" అన్నాడు బసవేశ్వరరావు. "ఇంటికొకళ్ళన్నా పాత నేల ఉంచుకోవాలంటన్నారు. సందు చెప్పు బావా. నీకు ఊరంతా వచ్చేస్తది. బస్సులు, డబ్బాలు, అన్నీ."

"సందు చెప్తే వాళ్ళతో కలిసి నడుస్తానా? అడుగు, ఆవిణ్ణి."

బసవేశ్వరరావు అడిగాడు. ఊనా జవాబిచ్చింది.

"ఒకే నేల మీద పరిచినోళ్ళకి అడుగులో అడుగు పడుద్దంట. వేరే నేలైతే ఊరు తెలుస్తది గానీ, పక్కింటాయన నడిచినట్టు ఉంటదంట."

పక్కింటాయన. పక్కింటాయన అంటే ఏమిటో నాంచారయ్యకు ఒకరు చెప్పక్కర్లేదు. అవతలి ఒడ్డున పచార్లు చేస్తూ ఇవతలి ఒడ్డుకేసి చూసేవాడు.

"చెరువే" అన్నాడు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా." బసవేశ్వరరావు పట్టీకి అడ్డం నిలబడ్డాడు. "నువ్వూ పోగొట్టుకుంటే ఇంక ఎవర్ని అడగాలి? రేపు పాప అడిగితే ఎవరు చెప్తారు? ఒక్కడివన్నా ఉంచుకో."

అది విన్నాకే నాంచారయ్యకు పూర్తిగా అర్థమైంది, లేదా అయిందనుకున్నాడు. "బాగుంది. మీరు ముగ్గురూ ఊరేగుతారు. నేను చెరువు దగ్గర కాపలా ఉండి, మీకు కావలసినప్పుడల్లా కథలు చెప్పాలి. నన్ను చూసి కుళ్ళుకోడానికి కూడా నీకేం మిగలకూడదనే ఎక్కుతున్నా. తప్పుకో."

మేజోళ్ళు తొడుక్కుని పట్టీ ఎక్కాడు. కళ్ళు మూసుకున్నాడు.

మోటారు కొట్టం. రేకు తలుపు ఎప్పుడూ మోకాలికి తగిలేది. ఆ మాట పైకనగానే మిషను గుర్రుమంది. తలుపు ఉన్నచోట బస్సు స్టాండు వచ్చి నిలబడింది, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు. తూము. తిరుపతమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు క్యారేజీ పట్టుకొచ్చి అక్కడే కూర్చునేది. గుర్రుమంది. రొట్టెల కొట్టు. మేత సంచులు. తెల్లారేసరికి తవుడు కోసం బొచ్చె చేపలూ శీలావతులూ మూగి, సంచులు ఊగిపోతుంటే నీళ్ళు ఉడుకుతున్నట్టుండేవి. ఆ చప్పుడు చివరిదాకా విందామని నిదానంగా నడిచాడు. చప్పుడు సన్నబడి, దాని మీద రేవులో పడవల తాళ్ళు కిర్రుమన్నాయి. అరటి బోదె. నడుం లోతు నీళ్ళు. "వదలొద్దు నాన్నా" అని ఒక గొంతు. వదలనన్నాడు. గుర్రుమంది.

చివరికి మధ్య గట్టు వచ్చింది. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పట్టీ కదులుతూనే ఉంది, ఆయన ఉన్నచోటే నడుస్తున్నాడు. ఊనా ఏదో అడిగింది. ఆపమంటావా అని అయి ఉంటుంది. అప్పటికి ఆయన కాళ్ళ కింద మిగిలింది ఆ గట్టొక్కటే. నాచు పట్టిన పాత హద్దురాయి, దాని పక్కన పీకేసిన కొబ్బరి మొక్కల గుంటలు, మెత్తటి మన్ను. ఆపమంటే ఆ మూడు సెంట్లన్నా దక్కుతాయి.

గది మూల బసవేశ్వరరావు నాలుక టక్కుమంది. దుఃఖంలోనో, అలవాటుగానో.

నాంచారయ్య గట్టు మీదకు అడుగేశాడు.

ఆ సాయంత్రం తపాలాఫీసు ఎత్తు మీద తల్లీ కూతుళ్ళు ఎదురొచ్చారు. ముగ్గురూ కలిసి ఎక్కారు. సగానికి వచ్చేసరికి ముగ్గురి నాలుకలూ ఒకేసారి టక్కుమన్నాయి. తిరుపతమ్మ గిరుక్కున తిరిగి చూసింది.

"ఎక్కారా?"

"ఎక్కాను."

"ఏ సందు చెప్పారు?"

ఆయన ముందుకు నడిచాడు. ఆమె ఇంక అడగలేదు. చెయ్యి వచ్చి ఆయన చేతిలో పడింది. మర్నాడు బస్సు దిగేటప్పుడు ఆయన కూడా థాంక్యూ అన్నాడు. డ్రైవరు వేలు ఎత్తాడు. ఆ కుక్క ఏదో, ఆ మలుపు ఏదో ఇప్పుడు ఆయనకు తెలుసు. నిజంగానే నవ్వొచ్చే సంగతి. కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నెలంతా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించినంత వెచ్చగా ఉంది.

ఆదివారం నలుగురూ భోజనాలు చేస్తుండగా పెంటయ్య ఫోను చేశాడు. వరదకు మధ్య గట్టు కొట్టుకుపోయింది. రెండు చెరువులూ ఒకటైపోయాయి. హద్దురాయి కూడా పోయింది. అవతల కౌలుకున్నవాడు గట్టు ఇటు జరిపి వెయ్యాలంటున్నాడు.

"రాయి ఎక్కడుండేదో చెప్పండయ్యా. గొట్టం చెప్పినట్టు చెప్పండి. మట్టి ట్రాక్టర్లు వచ్చి నిలబడ్డయ్."

ఫోనులో నీళ్ళు కనిపించాయి. ఒడ్డున ఒక రేకు కొట్టం. నీళ్ళలో విరిగిన వెదురు బొంగులు. నాంచారయ్య ఫోను దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. బాగుంది. పెద్ద చెరువు. ఎవరిదో.

"అయ్యా, వినపడతందా?"

ముగ్గురూ ఆయన మొహంలోకి చూస్తున్నారు. తిరుపతమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. "సందు కాదన్నమాట" అంది, మెల్లగా.

బసవేశ్వరరావు కంచం పక్కకు జరిపి ఫోను అందుకున్నాడు. "పెంటయ్యా, నేను గుడిసేవ బసవేశ్వరరావుని. అవతలి చెరువు నాదే. మధ్య గట్టు మూడు సెంట్లూ నాంచారయ్యవి. పూర్తిగా. అవసరమైతే కాగితం రాసిస్తా. గట్టు మా వైపుకి జరిపి వెయ్యి."

"అట్టాగా? మీరే అంటే ఇంకేముంది" అన్నాడు పెంటయ్య.

"నాకు తెలిసింది అదే. ఆయనే చెప్పాడు నాకు."

చెప్పినట్టు నాంచారయ్యకు గుర్తుంది. కానాగంతల పొట్లం గుర్తుంది, ఆ మాట అన్నప్పటి కడుపుమంట కూడా గుర్తుంది. అన్నది నిజమో, మంటతో అన్నదో తేల్చుకుందామంటే ఆ గట్టే ఆయన దగ్గర లేదు.

"మొత్తం ఎంతని చెప్పమంటారయ్యా ట్రాక్టరోళ్ళకి?" అన్నాడు పెంటయ్య.

అది మాత్రం నోటికే వచ్చు. ఎక్కాల్లాగా, చిన్నప్పుడు తండ్రి వల్లె వేయించాడు. ఎకరం డెబ్బై రెండు సెంట్లు. బసవేశ్వరరావు మాటే నిజమైతే, ఎకరం డెబ్బై అయిదు.